రహమత్‌బీకి జమానత్ ఎవరు?

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యే ముందు, నన్ను సికిందరాబాదు సరఫరా కార్యాలయంలో ఇన్‌స్పెక్టరుగా వేశారు. అంతకు ముందు అదే శాఖలో అహల్కారుగా, అంటే గుమాస్తాగా పనిచేశాను. అహల్కారుకు కుర్చీ ఉంటుంది, నెత్తిమీద పంకా ఉంటుంది. ఇన్‌స్పెక్టరుకు సైకిలు ఉంటుంది, నెత్తిమీద ఎండ ఉంటుంది. దీన్నే తరక్కీ, అంటే ప్రమోషన్, అంటారు. ఆ సంతోషానికి మా ఇంట్లో పాయసం కూడా వండారు.

మా పని ఎలా నడిచేదో ముందుగా చెప్పాలి, ఇప్పటివాళ్లకు అది వింతగా ఉంటుంది. ఆ రోజుల్లో బియ్యం, చక్కెర, కిరోసిన్‌తో పాటు వంటచెరకూ బొగ్గూ కూడా కంట్రోలులో ఉండేవి. ఏది అమ్మాలన్నా పర్మిట్ కావాలి. దరఖాస్తు రాగానే ఇన్‌స్పెక్టరు ఆ బస్తీకి వెళ్లి తహకీకాత్, అంటే విచారణ, చెయ్యాలి. దరఖాస్తు పెట్టిన మనిషికి వ్యాపారం నడిపే సత్తా ఉందా, చాల్‌చలన్ ఎలాంటిది, అంటే నడవడి ఏమిటి అని ఇరుగుపొరుగును అడగాలి. ఆ రిపోర్టు చూసి పై అధికారి మంజూరు చేస్తాడు. మంజూరయ్యాక ఆ ప్రాంతంలో పర్మిట్ ఉన్నవాళ్లు ఇద్దరు జమానత్, అంటే పూచీ, ఉండాలి. పర్మిట్ తీసుకున్న మనిషి రేపు సరుకును దొంగచాటుగా అమ్మితే జమానత్ ఉన్నవాళ్ల పర్మిట్లు కూడా పోతాయన్నమాట.

ఇంత పెద్ద పూచీ కాగితం మీదే ఉండేది. నిజానికి జమానత్ ఉండటమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు మా ఆఫీసు వరండాలో ఎప్పుడూ కనిపించేవారు. ఎక్కడో ఒక పర్మిట్ సంపాదించి, దాన్ని చూపించుకుంటూ, ఒక చాయ్‌కీ పాన్‌కీ ఎవరికైనా సంతకం పెట్టేవారు. ఎవరికి పెట్టారో వాళ్లకే గుర్తుండేది కాదు. ఒకసారి ఒకాయన తానే ఎవరి మీద ఫిర్యాదు పెట్టాడో ఆ మనిషికే జమానత్ ఉండి పోయాడు.

అప్పుడు మా పై అధికారి రామనాథం గారు. మద్రాసు వైపు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన అసిస్టెంట్ కంట్రోలర్. వయసులో నాకంటే చిన్నవాడు, చదువులో చాలా పెద్దవాడు. ఉర్దూ రాదు. తెలుగు మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కాలా మాట్లాడేవాడు. లంచానికి చెయ్యి చాపని మనిషి. మా శాఖలో అది అందరూ చెప్పుకునేంత విశేషం. ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పెద్ద దరఖాస్తు ఏది వచ్చినా ఇన్‌స్పెక్టరు మాట మీద వదిలెయ్యకుండా జీపు వేసుకుని తానే వచ్చి, జనం అనేది తన చెవులతో వినాలనేవాడు.

ఆయన వచ్చాక ఉర్దూ ఫారాల బదులు ఇంగ్లీషు ఫారాలు వచ్చాయి. అందులో ఒక గడిలో దరఖాస్తుదారు ఎంటర్‌ప్రైజింగ్ మనిషేనా అని ఉండేది. ఒకరోజు రామనాథం గారు నన్ను పిలిచి, ఆ మాటకు ఇక్కడి జనం ఏమంటారని అడిగారు. నేను తోచినవన్నీ చెప్పాను. హోషియార్ అంటారు. తేజ్ అంటారు. చాలూ మనిషి అంటారు. దందా తెలిసినోడు అంటారు. ముందుచూపు ఉన్నవాడు, గడుసువాడు, ఆశపోతు, కడుపు నిండనివాడు అని కూడా అంటారు. ఆయన శ్రద్ధగా విని, వీటిలో మెచ్చుకోలు ఏది, తిట్టు ఏది అన్నారు. అది ఎవరు ఎవరి ముందు అన్నారన్నదాన్ని బట్టి ఉంటుందండీ అన్నాను. నాకు తెలియక తప్పించుకుంటున్నానని ఆయన అనుకున్నట్టున్నారు. కళ్లద్దాలు సవరించుకుని ఇంకో ఫైలు తీశారు.

నేను తప్పించుకోలేదు. మా ఆఫీసునే తీసుకోండి. ఒకడికి తరక్కీ వస్తే వాడి మిత్రులు కష్టపడ్డాడంటారు, మిగతావాళ్లు పైరవీ చేశాడంటారు. తన కొడుకు రెండు దుకాణాలు పెడితే ముందుచూపు, తోడల్లుడు పెడితే ఆశ. నాకు సైకిలు వచ్చినప్పుడు మా బావమరిది, మా బావ మహా హోషియార్ అని ఊరంతా చెప్పుకొచ్చాడు. అది విన్న ప్రతివాడూ నేను ఎంత లంచం ఇచ్చి ఉంటానోనని లెక్కలు వేశాడు.

సరే, అసలు సంగతికి వస్తాను. శ్రావణం వెళ్తుండగా చిలకలగూడ నుంచి ఒక దరఖాస్తు వచ్చింది. రహమత్‌బీ అనే ఆవిడ బొగ్గు డిపో పెట్టుకోవడానికి పర్మిట్ కావాలంది. ఆమె భర్త మహబూబ్ నిజాం ఫౌజులో సిపాయి. ఫౌజు రద్దయ్యాక ఇంటికి వచ్చి, ఏం చెయ్యాలో తోచక, బూట్లకు రోజూ పాలిష్ పెట్టుకుంటూ గుమ్మంలో కూర్చునేవాడు. ఆ రోజుల్లో అలాంటి గుమ్మాలు చాలా ఉండేవి. ఆ ఇళ్లలో భయమూ ఉండేది. సర్కారు జీపు ఆగితే పిల్లలు లోపలికి పరుగెత్తేవారు.

రహమత్‌బీ గుమ్మంలో కూర్చునే రకం కాదు. మౌలాలి రైల్వే యార్డులో బొగ్గు దించాక కింద మిగిలే పొడిని ఎవరూ పట్టించుకునేవారు కాదు. అది యార్డు కంట్రాక్టరు దగ్గర చవకగా కొని, ఎర్రమట్టీ గంజీ కలిపి, లడ్డూల్లా ఉండలు చుట్టి, చిలకలగూడ బండల మీద ఆరబెట్టింది. చాయ్ హోటళ్ల సిగిడీల్లో, అంటే బొగ్గుపొయ్యిల్లో, ఆ ఉండలు కట్టెబొగ్గు కంటే నిదానంగా, ఎక్కువసేపు కాలేవి. మొదట తానొక్కతే చేసింది. తర్వాత బస్తీలోని ఆడవాళ్లను పదిమందిని కూడగట్టింది. భర్త చేత బూట్లు విప్పించి తోపుడు బండి పట్టించింది. అందరూ చేతులు నల్లగా చేసుకుని పొయ్యి వెలిగించుకుంటున్నారు.

ఇంతలో కొత్త ఉత్తర్వు వచ్చింది. బొగ్గుతో చేసిన ఏ వంటచెరకైనా పర్మిట్ లేకుండా అమ్మకూడదు, నిల్వ ఉంచకూడదు. పర్మిట్ రాకపోతే రహమత్‌బీ దొడ్లో ఉన్న ఉండలన్నీ జప్తు అవుతాయి, కేసు కూడా అవుతుంది. ఆ రోజుల్లో ఒక మాజీ సిపాయి ఇంటి మీద కేసు అంటే బొగ్గు దగ్గర ఆగదని అందరికీ తెలుసు. ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

రామనాథం గారు తానే వస్తానన్నారు. జీపు ఖాసిం హోటల్ ముందు ఆగింది. ఖాసిం చిలకలగూడలో చాయ్ హోటల్ నడిపే మనిషి, చక్కెర కోటా ఉన్నవాడు. రహమత్‌బీ ఉండలు మొదట కొన్నది ఆయనే. జనం పోగయ్యారు. రహమత్‌బీ కూడా వచ్చి, కొంగు తల మీదికి లాక్కుని, మోచేతుల దాకా మసితో ఒక పక్కన నిలబడింది. దరఖాస్తుదారు ఎదుటే విచారణ జరగాలనేది రామనాథం గారి పద్ధతి.

ఈవిడ ఎలాంటి మనిషని ఆయన ఖాసింని అడిగారు. ఖాసిం చాయ్ వడపోస్తున్న గుడ్డను గట్టిగా పిండి మరీ మొదలుపెట్టాడు.

"గామె సంగతి ఏమడుగుతరు సాబ్! సైతాన్ అనుకోండ్రి. పొద్దుగాల నేను హోటల్ తెరువకముందే తలుపు కొడ్తది, ఉండలు దించుకో అని. వద్దంటె ఇనది. దునియా అంత తానే ఏలాల్నంటది. పరేషాన్ జేసి పెట్టింది సాబ్ నన్ను."

తర్వాత ఎల్లమ్మ. ఆమె రహమత్‌బీకి పక్కిల్లు. డబ్బాతో కొలిచి కిరోసిన్ అమ్ముకునే పర్మిట్ ఉన్న ముసలావిడ. అడగక ముందే నోరు తెరిచింది.

"దాని పేరు నా ముంగట తియ్యకుండ్రి సారూ. కడుపు నిండదు దానికి. తాను పండది, పక్కింటోళ్లను పండనియ్యది. గీ బస్తీ ఆడోళ్లందరి చేతులు బొగ్గు జేసింది, ముదనష్టపుది."

ఇంకొకాయన, ఇట్లనే వదిలేస్తే రేపో మాపో రైలింజన్ సుత కొంటది సూడుండ్రి అన్నాడు. క్షౌరశాల ఆయన, ఆశపోతు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మంచిమాట ఒక్కటి రాలలేదు. రహమత్‌బీ మాత్రం ఇవన్నీ వింటూ, కొంగు పంటితో పట్టుకుని, నేల చూస్తూ నిలబడింది. ఇంతమంది ఇన్ని అంటున్నా ఈవిడకు చీమ కుట్టినట్టయినా లేదేమండీ అని రామనాథం గారు నా చెవిలో అన్నారు.

అక్కడి నుంచి రాంగోపాల్‌పేటకు వెళ్లాం. అక్కడ కిష్టయ్య సేఠ్‌ది పాత బొగ్గు డిపో. కొత్త డిపో వస్తే నష్టపోయే వాళ్లను కూడా విచారించడం రివాజు. సేఠ్ తెల్లటి ధోవతి, తెల్లటి నవ్వు. బొగ్గు వ్యాపారంలో అంత తెల్లగా ఎలా ఉండగలిగాడో నాకు ఇప్పటికీ తెలియదు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయన తండ్రి, పండు ముసలి, లేచి తన చేత్తోనే మాకు నిమ్మకాయ షర్బత్ ఇచ్చాడు.

"చానా హోషియార్ ఆడామె సారూ," అన్నాడు సేఠ్. "గంత తేజ్ మనిషిని సికిందరాబాదుల నేను సూడలే. నాకు పోటీ అయితె ఏమాయె, మంచిని మంచే అనాలె గద. మౌలాలి యార్డుల పొడి ఎంతున్నా ఆమెదే. ఇంట్ల, ఎనుక దొడ్లె గుట్టలు గుట్టలు పోసింది. హోటళ్లన్నీ ఆమె చేతులనే ఉన్నయి. దందా అంటె గట్ల జెయ్యాలె."

జీపెక్కగానే రామనాథం గారు మురిసిపోయారు. పోటీదారై ఉండి కూడా ఎంత ఉదారంగా మాట్లాడాడండీ అన్నారు. తర్వాత మొహం గంభీరంగా పెట్టి తన తీర్మానం చెప్పారు. ఆవిడ సొంత బస్తీలోనే ఒక్కరికీ నచ్చని మనిషి. పైగా ఆ పెద్దమనిషి అమాయకంగా చెప్పిన మాటల్లోనే సంగతి బయటపడింది. ఇంట్లో గుట్టలున్నాయంటే అక్రమ నిల్వ, హోటళ్లన్నీ ఆమె చేతిలో ఉన్నాయంటే గుత్తాధిపత్యం. దరఖాస్తు తిరస్కరించి, నిల్వ తనిఖీ చేయించాలి. నన్ను అలాగే రిపోర్టు రాయమన్నారు.

నాకు నవ్వూ వచ్చింది, కంగారూ పుట్టింది. ముందుగా నవ్వే బయటికి వచ్చింది. ఆయనకు కోపం వచ్చింది. ఇక చెప్పక తప్పలేదు.

మా వైపు ఒక అలవాటు ఉందండీ అన్నాను. మనవాళ్లనుకున్న మనిషి పైకి వస్తుంటే నలుగురిలో పొగడం. పొగిడితే దిష్టి తగులుతుంది. తురకలైనా, హిందువులైనా, నజర్ అన్నా, దిష్టి అన్నా భయం ఒక్కటే. అందుకని తిడతాం. ఎంత ఎక్కువ పైకొస్తే అంత ఎక్కువ తిడతాం. నాకు తరక్కీ వచ్చిన రోజున మా అమ్మ వాకిట్లో నిలబడి, వీనికి కుర్చీల కూసుంటే తిన్నది అరుగుతలేదట, సైకిల్ గావాల్నట అని వాడకట్టుకంతా వినబడేలా తిట్టి, ఇంట్లోకి వచ్చి పాయసం వండింది. ఇక సర్కారు మనిషి ముందైతే మరీ జాగ్రత్త. సర్కారు కన్ను కంటే పెద్ద దిష్టి లేదు. పాత రోజుల్లో ఫలానావాడు బాగా సంపాదిస్తున్నాడని పోలీసు దరోగా ముందు ఎవరైనా నోరు జారితే, మర్నాడు దరోగా ఆ ఇంటి ముందే ఉండేవాడు. కాబట్టి బాగు కోరేవాడు అధికారి ముందు తిడతాడు. చెడు కోరేవాడు పొగుడుతాడు. సేఠ్ గారు పొగిడిన ప్రతి మాటా మీ చేతిలో ఎలా కేసుగా మారిందో మీరే చూశారు కదా అన్నాను.

రామనాథం గారు ఆలోచించారు. తెలివైన మనిషి. అయితే మీ ఊళ్లో తిట్టిన ప్రతివాడూ ఆప్తుడేనా, నిజంగా దొంగ ఉంటే వాణ్ని ఏమంటారు మరి అని అడిగారు. దొంగ గురించి అడిగితే మాకు తెల్వదు సారూ అని తలుపు వేసుకుంటారండీ అన్నాను. ఆయన నవ్వారు గానీ లొంగలేదు. ఇదంతా మీరు చెప్పే మాట, సాక్ష్యం కాదు, రేపు పైవాళ్లు అడిగితే తిట్లు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి మంజూరు చేశానని రాయనా అన్నారు. ఆ మాట న్యాయమైనదే. 

ఆ సాయంత్రం ఇంటికి పోతూ చిలకలగూడ మీదుగా వెళ్లాను. రహమత్‌బీ బండల మీద ఉండలు ఏరి గంపలోకి ఎత్తుతోంది. మహబూబ్ నన్ను చూసి, అలవాటు చొప్పున, మడమలు కలిపి సలాం చేశాడు.  నేను ఆగి, ఇంకా ఖరారు కాలేదని రహమత్‌బీతో అన్నాను. ఆమె గంప దించింది.

"పర్మిట్ రాకుంటె ఉండలు పోతయి, మల్ల జేసుకుంట సాబ్. ఈయనను తీస్కపోతరేమోనని నా భయం. జెర జూడుండ్రి."

 చూస్తానని చెప్పి సైకిలెక్కాను. దారంతా రామనాథం గారు అడిగిన సాక్ష్యం గురించే ఆలోచించాను. మాట సాక్ష్యం కాకపోతే మాట వెనక ఉన్న మనిషి సాక్ష్యం కావాలి. ఆ మనిషిని బయటికి రప్పించే ఏర్పాటు మా నిబంధనల్లోనే ఉంది. వరండాలో చాయ్‌కి అమ్ముడుపోతున్నందువల్ల మేమే దాన్ని మరిచిపోయాం.

మర్నాడు పొద్దున్నే వెళ్లి రామనాథం గారిని ఒక ప్రశ్న అడిగాను. జమానత్ మంజూరు తర్వాతే తీసుకోవాలని ఎక్కడైనా ఉందా అని. నిబంధన పేరెత్తితే ఆయనకు ప్రాణం లేచి వచ్చేది. పుస్తకం తెప్పించి మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. జమానత్ ఉండాలని ఉంది గానీ ఎప్పుడన్నది లేదు. అయితే ముందే తీసుకుందాం, ఆఫీసులో కాదు, ఖాసిం హోటల్ ముందు, నిన్న మాట్లాడిన వాళ్లందరినీ పిలిచి అడుగుదాం అన్నాను. ఆమెను తిట్టినవాళ్లు నిజంగా తిట్టినవాళ్లే అయితే వెనక్కి పోతారు, అప్పుడు మీరన్నట్టే రిపోర్టు రాస్తాను అన్నాను. మాట ధీమాగానే అన్నాను.  కానీ తిట్టడం వేరు, తన పొట్టకూటి పర్మిట్‌ను పణంగా పెట్టడం వేరు.

కిష్టయ్య సేఠ్‌తో సహా అందరికీ మర్నాటికి రమ్మని కబురు పంపారు. సేఠ్ హోటల్ ముందు రిక్షా దిగాడు, అదే తెలుపు.

రామనాథం గారు బల్ల మీద జమానత్ కాగితాలు పెట్టి, తన ఇస్త్రీ తెలుగులో విషయం వివరించారు. ఈమెకు పర్మిట్ ఇచ్చే సంగతి ఆలోచిస్తున్నాం, ఎవరైనా ఇద్దరు పూచీ ఉండాలి, రేపు ఈమె తప్పు చేస్తే మీ పర్మిట్లు రద్దవుతాయి, బాగా ఆలోచించుకుని చెప్పండి అన్నారు.  హోటల్లో సిగిడీ మీద నీళ్లు మరుగుతున్న చప్పుడు వినపడింది. రహమత్‌బీ ఈసారి నేల చూడటం లేదు. ఒక్కొక్కరి మొహమే చూస్తోంది. నేను పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాను.

సేఠ్ అందరికంటే ముందు వరసలో నిలబడ్డాడు కాబట్టి రామనాథం గారు మర్యాదగా మొదట ఆయన వైపే తిరిగారు. మొన్న మీరు ఈమెను ఎంతో మెచ్చుకున్నారు, మీ సంతకంతోనే మొదలుపెడదామా అన్నారు. సేఠ్ చేతులు జోడించాడు.

"పెట్టేటోన్నే సారూ, నాకేం? గని మా నాయిన సచ్చిపోయేటప్పుడు చేతుల చెయ్యేయించుకున్నడు, ఎవ్వరికి జమానత్ ఉండొద్దని. ఆయన మాట ఎట్ల దాటాలె?"

రామనాథం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మొన్న మాకు షర్బత్ ఇచ్చింది మీ నాన్నగారే కదండీ?" అని చాలా మెల్లగా అడిగారు.

నా జన్మలో అంత నవ్వు ఒక్కచోట ఎన్నడూ వినలేదు. సేఠ్ కూడా చివరికి నవ్వేశాడు, ఏం చేస్తాడు మరి. ఆ నవ్వు సందట్లోనే ఖాసిం గల్లా దిగి వచ్చాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని కలం అందుకున్నాడు.

"ఇటు దేండ్రి సాబ్, కాయితం. ఈ సైతాన్‌తోని నాకు ఎప్పుడూ తక్లీఫే. రేపు నా చక్కెర కోటా పోతె దీని ఇంటి ముంగట్నే కూసుంట, చెప్పుతున్న."

తిడుతూనే ఉర్దూలో పొందికగా సంతకం పెట్టాడు. వెంటనే ఎల్లమ్మ, జరుగు జరుగుమని జనాన్ని తోసుకుంటూ వచ్చి, బొటనవేలు చాపింది. క్షౌరశాల ఆయన, నేను ముందుగాల లేసిన అంటూ అడ్డం పడ్డాడు. ఇద్దరే చాలు, ఆయనకు మా శాఖ పర్మిట్ కూడా లేదు అని నేను చెప్పాను. అది అవమానంగా తోచి ఆయన నాతో పోట్లాటకు దిగాడు. రైలింజన్ అన్నాయన కూడా ఆయనకు వంత పాడాడు. మొన్న ఒక్క మంచిమాట అనని మనుషులు ఇవాళ ఆ మనిషి కోసం వేలిముద్ర వెయ్యనివ్వలేదని కొట్లాడుతుంటే, రామనాథం గారు కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి నోరారా నవ్వారు.

ఎల్లమ్మ వేలు సిరాలో అద్దుతూ ఇంకా అంటూనే ఉంది. "గీ ముదనష్టపుదాని కోసం నా వేలు సుత నల్లగాయె. ఇన్ని రోజులు తప్పించుకున్న."

అప్పుడు రహమత్‌బీ నోరు విప్పింది. "సంతకాలు పెట్టినమని రేపటి సంది ఉండలు ఉద్దెర అడిగితె ఇయ్య! ఎల్లమ్మక్కా, నీకు అసలే ఇయ్య!" అని గట్టిగా అరిచి, ఆ మసి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా నల్లగా అయింది. ఏడుపూ నవ్వూ రెండూ ఒక్కసారే వచ్చాయి ఆమెకు. నాకూ సంతోషం పట్టలేదు. ఖాసిం ఇచ్చిన చాయ్‌లో చక్కెర వెయ్యడం మరిచిపోయినా తాగేశాను.

నిల్వ తనిఖీ కూడా జరిగింది, అది నియమం. గుట్టలు గుట్టలని సేఠ్ చెప్పింది రెండు తడకల మధ్య ఆరుతున్న ఉండలే. పర్మిట్ మంజూరయింది. ఆ ఇంగ్లీషు గడిలో రామనాథం గారు ఎంటర్‌ప్రైజింగ్ అని తానే రాశారు. రాసి, దీని కంటే మీ ఎల్లమ్మ మాటే బాగుందండీ, ఫారంలో పట్టదు గానీ అన్నారు. ఆ తర్వాత మా ఆఫీసులో జమానత్‌లు బస్తీలోనే తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చారు. వరండా పెద్దమనుషులు నన్ను చాలాకాలం క్షమించలేదు. నేను మహా చాలూ మనిషినని, జిత్తులమారినని ప్రచారం చేశారు. అది మాత్రం దిష్టి భయంతో అన్నది కాదు.

రహమత్‌బీ డిపో పెరిగింది. తోపుడు బండి పోయి ఎడ్లబండి వచ్చింది. మహబూబ్ మళ్లీ బూట్లు వేసుకుని, డిపో ముందు నిలబడి, సరుకు దించేవాళ్లకు కవాతు నేర్పినంత గట్టిగా ఆజ్ఞలు ఇచ్చేవాడు. కిష్టయ్య సేఠ్ కూడా కొన్నాళ్లకు తన డిపోలో మిగిలిన పొడిని ఆమెకే అమ్మడం మొదలుపెట్టాడు. వ్యాపారస్తుడు, కోపం ఎన్నాళ్లు ఉంచుకుంటాడు?

డెప్యుటేషన్ ముగిసి రామనాథం గారు పై ఉద్యోగం మీద మద్రాసు వెళ్లిపోయే రోజున మేమంతా సికిందరాబాదు స్టేషనుకు వెళ్లాం. ఆఫీసువాళ్లు పూలదండలు వేసి, కార్యదక్షుడు, సమర్థుడు అని ఒకరి తర్వాత ఒకరు పొగిడారు. ఆయన ముళ్ల మీద నిలబడ్డట్టు నిలబడి విన్నారు. రైలు కదలబోయే ముందు రహమత్‌బీ జనాన్ని తోసుకుంటూ వచ్చింది, చేతిలో టిఫిన్ గిన్నె. గిన్నె కిటికీలోంచి ఆయనకు ఇచ్చి, నా వైపు తిరిగి, ప్లాట్‌ఫారమంతా వినబడేలా గొంతెత్తింది.

"ఈ సార్‌కు గీ కుర్చీ సాలలేదట సాబ్! ఇంక పెద్దది గావాల్నట! కడుపు నిండదు ఈనకు, ఎన్ని కుర్చీలెక్కినా నిండదు!"

కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు హడలిపోయి ఆమెను వెనక్కి లాగబోయాడు. రామనాథం గారు చేత్తో వారించారు. ఆయన కళ్లు మెరిశాయి. దండలన్నీ పక్కకు నెట్టి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, తన కోస్తా యాసలో జవాబిచ్చారు. "నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? ఊళ్లో బొగ్గంతా మింగి ఇంకా ఆకలంటున్నావు, ముదనష్టపు మనిషీ!" అన్నారు.

తిట్టు ఆయన నోట కుదరలేదు, యాస మరీ ఎబ్బెట్టుగా ఉంది. రహమత్‌బీ మొహం మాత్రం విచ్చుకుంది. కదులుతున్న రైలు వైపు రెండు చేతులూ చాపి, కణతలకు ఆనించి, పదివేళ్లూ పటపటా విరిచింది.

ఆ తర్వాత నా సర్వీసులో ఎందరి గురించో తహకీకాత్ చేశాను. హోషియార్, చాలూ, ఆశపోతు, సమర్థుడు, ఏ మాట అన్నా విన్నాను, రాసుకున్నాను. నా అభిప్రాయం మాత్రం, ఆ మాట అన్నవాడి ముందు జమానత్ కాగితం పెట్టి చూశాకే రాశాను.